ఆగకుండానే పాడయ్యే యంత్రం

సర్వర్‌కూ మామూలు కంప్యూటర్‌కూ అసలు తేడా సైజులో లేదు. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో ఒక భాగం పోతే యంత్రం ఆగిపోతుంది, రిపేరు షాపుకు వెళ్తుంది. సర్వర్ తయారుచేసేవాళ్లు మాత్రం ఇందులో ప్రతిదీ ఏదో ఒకరోజు పోయేదేనన్న లెక్కతోనే మొదలుపెడతారు. అందుకే దానికి పవర్ సప్లైలు రెండుంటాయి. ఫ్యాన్లు అరడజను ఉంటాయి. డిస్కుల్లో ఒకటి పోయినా నడిచే ఏర్పాటు ఉంటుంది. మెమరీలో ప్రతి 64 బిట్లకూ ఇంకో 8 బిట్లు కాపలా కాస్తుంటాయి. ఒకటి పోతే ఇంకొకటి అందుకుంటుంది. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషికీ, ఆసుపత్రిలో రిపోర్టు ప్రింటు తీస్తున్న మనిషికీ ఏమీ తెలియదు.

చిక్కంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. పంక్చరైన టైరును డిక్కీలో పడేసి స్టెప్నీ మీద తిరుగుతున్నంతకాలం కారు బాగానే నడుస్తుంది. రెండో పంక్చరు పడ్డాకే మొదటిది బాగు చేయించలేదన్న సంగతి గుర్తొస్తుంది. సర్వర్ గదుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఆగిపోయింది’ అన్న మాట వెనక సాధారణంగా ఆరు నెలల కిందటే పోయిన భాగం ఒకటి ఉంటుంది. సర్వర్ నిర్వహణ అంటే దుమ్ము దులపడం, అప్‌డేట్లు వేయడం మాత్రమే కాదు. స్టెప్నీ ఇప్పటికే వాడుకలో ఉందా అని వెతకడం అందులో పెద్ద వాటా.

కరెంటు దగ్గరే మొదలుపెట్టవచ్చు. సర్వర్ వెనక రెండు పవర్ సప్లైలు, రెండు కేబుళ్లు ఉంటాయి. ఒక్కొక్కటీ వేరువేరు యూపీఎస్‌కు వెళ్లాలి. చిన్న ఆఫీసుల్లో చాలాచోట్ల రెండు కేబుళ్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి వెళ్తుంటాయి. అప్పుడు జంట ఉండీ లేనట్టే. యూపీఎస్ ట్రిప్ అయితే రెండూ కలిసే పోతాయి. కేబుళ్లు సరిగ్గా వేరుగా ఉన్నచోట ఇంకో సమస్య. ఒక పవర్ సప్లై చనిపోతే దాని పక్కన పచ్చ దీపం ఆరిపోయి నారింజ దీపం వెలుగుతుంది, లేదా అసలు ఏ దీపమూ ఉండదు. ఆ దీపం సర్వర్ వెనక, ర్యాక్ చీకట్లో, కేబుళ్ల గుంపు వెనక ఉంటుంది. అక్కడికి టార్చి పట్టుకుని వెళ్లి చూసేవాళ్లు అరుదు.

అంత దూరం వెళ్లక్కర్లేకుండా తయారీదార్లు ఒక ఉపాయం చేశారు. సర్వర్ బోర్డు మీద ఇంకో బుల్లి కంప్యూటర్ ఉంటుంది. దాన్ని బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్ అంటారు. డెల్ సర్వర్లలో ఐడ్రాక్, హెచ్‌పీ సర్వర్లలో ఐలో పేర్లతో కనిపించేది ఇదే. సర్వర్ ఆపేసి ఉన్నా, విండోస్ పాడైనా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతవరకూ ఇది మేలుకునే ఉంటుంది. ఏ ఫ్యాను వేగం తగ్గింది, ఏ మూల వేడి పెరిగింది, ఏ పవర్ సప్లై ఎప్పుడు పోయింది అన్నవి తేదీతో, సమయంతో సహా తన చిట్టాలో రాసుకుంటుంది. దానికి నెట్‌వర్క్ కేబుల్ తగిలించి, హెచ్చరికలు మెయిల్‌కు వచ్చేలా పెట్టడం గంటలోపు పని. సర్వర్ బిగించిన రోజు చేయకపోతే ఆ పని ఇక జరగదు. పాడైన రోజున పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు.

వేడి సంగతి చెప్పుకోవాలంటే, సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలన్నది ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే చేసే సిఫారసు. కొలవాల్సింది గది మధ్యలో కాదు, సర్వర్ ముందు భాగంలో గాలి లోపలికి పోయే చోట. వేడెక్కుతోందని పైమూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టడం చాలామంది చేసే పని. చూడ్డానికి సబబుగానే ఉంటుంది గానీ దానివల్ల చెడే ఎక్కువ. సర్వర్‌లో గాలి ముందు నుంచి వెనక్కి, ప్రాసెసర్ మీదుగా, మెమరీ సందుల్లోంచి సొరంగంలో పోయినట్టు పోవాలి. మూత తీస్తే ఆ సొరంగం తెగిపోతుంది. ఖాళీ డిస్కు అరలకు బిగించే ప్లాస్టిక్ డమ్మీలు కూడా అందుకోసమే. అవి అలంకారం అనుకుని తీసి పారేస్తే గాలి దగ్గరి దారి చూసుకుంటుంది.

మెమరీలో దాగే జబ్బు ఇంకా సూక్ష్మమైనది. బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యామింగ్ 1940ల చివర్లో శనాదివారాల్లో రిలే కంప్యూటర్ మీద లెక్కలు నడిపేవాడు. యంత్రం తప్పు కనిపెట్టగానే ఆ పని వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోయేది. సోమవారం వచ్చి చూస్తే ఏమీ అయ్యుండేది కాదు. తప్పు జరిగిందని తెలుసుకోగల యంత్రం, ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకోలేదా అన్న చిరాకులోంచి పుట్టింది ఆయన 1950లో ప్రచురించిన కోడ్. నేటి సర్వర్ మెమరీలో ఉన్నది దాని వారసుడే. 64 బిట్లలో ఒకటి తిరగబడితే దిద్దేస్తుంది, రెండు తిరగబడితే కనిపెట్టి యంత్రాన్ని ఆపేస్తుంది. తప్పుడు లెక్కతో నడవడం కన్నా ఆగిపోవడమే నయం కదా.

దిద్దుబాటు జరిగిన ప్రతిసారీ లెక్క నమోదవుతుంది. గూగుల్ తన సర్వర్ల మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో సుమారు 8 శాతం మెమరీ స్టిక్కులు కనీసం ఒక్కసారైనా దిద్దదగిన తప్పు చేశాయని తేలింది. ఒకటి రెండు తప్పులకు కంగారు పడాల్సిన పనిలేదు. ఒకే స్టిక్కు మీద లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం దాని రోజులు దగ్గర పడ్డట్టే.

అప్పుడు చేసే పరీక్ష చూస్తే ఈ వృత్తి పద్ధతి ఏమిటో తెలుస్తుంది. సర్వర్ ఆపి, రెండు పవర్ కేబుళ్లూ పీకి, చేతికి స్టాటిక్ పట్టీ కట్టుకుని, అనుమానం ఉన్న స్టిక్కును దాని స్లాట్‌లోంచి తీసి పక్క స్లాట్‌లో పెట్టాలి, పక్కదాన్ని ఇక్కడ పెట్టాలి. అంతే. ఇంకేమీ ముట్టుకోకూడదు. మళ్లీ నడిపించి చిట్టా చూడాలి. తప్పు స్టిక్కుతో పాటు కొత్త స్లాట్‌కు వెళ్తే స్టిక్కుదే దోషం. పాత స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డుదో, ప్రాసెసర్‌దో దోషం. ఇదే సమయమని యంత్రభాగాల లోపల ఉండే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ చేసి, ఫ్యాను కూడా మార్చితే, రేపు సమస్య పోయినా ఏది చేస్తే పోయిందో ఎవరికీ తెలియదు. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది కాగితం మీద రాయాలి. చెప్పుకోవడానికి తేలికగా ఉంటుంది. ఫోన్లు మోగుతున్నప్పుడు దీన్ని పాటించడానికి నిబ్బరం కావాలి.

ఇక డిస్కులు. సర్వర్‌లో ఏదైనా పోతే కొనుక్కోవచ్చు, డేటా పోతే కొనలేరు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం ప్రచురించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్నిటిని కట్టగట్టి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేయవచ్చన్నది దాని సారాంశం. అదే రెయిడ్. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో హార్డ్‌వేర్ నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే రెయిడ్ 5 ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చెప్పవచ్చు. మొదటి డిస్కులో 5, రెండో దాంట్లో 7 ఉన్నాయనుకుంటే, మూడోదాంట్లో ఆ రెండింటి మొత్తం 12 రాసి ఉంచుతారు. రెండోది పోతే 12లోంచి 5 తీసేసి 7ను తిరిగి రాబట్టవచ్చు. యంత్రం చేసేది కూడిక కాదు, బిట్ల మధ్య వేరే లెక్క. సూత్రం మాత్రం ఇదే.

ఒక డిస్కు పోయాక అలాంటి సర్వర్‌ను డీగ్రేడెడ్ స్థితిలో ఉందంటారు. ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. కొంచెం నెమ్మదిగా ఉందని ఎవరో అంటారు. నిజానికి ఆ క్షణం నుంచి అది ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఇంకో డిస్కు పోతే 5, 7, 12లలో ఒక్కటే మిగులుతుంది. దానితో ఏ లెక్కా తేలదు.

ఇక్కడ జరిగే మహా ప్రమాదం యంత్రం చేసేది కాదు, మనిషి చేసేది. ర్యాక్‌లో ఎనిమిది డిస్కులు వరసగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ‘డిస్క్ 3 పోయింది’ అని చెబుతుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని తెలియని మనిషి ఎడమ నుంచి మూడోది పీకుతాడు. అది బాగున్న డిస్కు. పాడైనది దాని పక్కది. డీగ్రేడెడ్ రెయిడ్ 5లో బాగున్న డిస్కు పీకడమంటే నడుస్తున్న సర్వర్ అక్కడికక్కడే కూలిపోవడం. దీన్ని తప్పించుకునే దారి డిస్కులను నడిపించే రెయిడ్ కంట్రోలర్ కార్డుల్లో దాదాపు అన్నిటిలోనూ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ డిస్కును ఎంచుకుని ‘లొకేట్’ నొక్కితే ర్యాక్‌లో సరిగ్గా ఆ డిస్కు దీపమే మినుకుమినుకుమంటుంది. దానితో పాటు సీరియల్ నంబర్ సరిచూసుకుని అప్పుడు పీకాలి. రెండు నిమిషాల పని.

కొత్త డిస్కు పెట్టగానే గండం గడిచిపోదు. పోయిన డేటా మొత్తాన్ని మిగతా డిస్కుల్లోంచి లెక్కగట్టి కొత్తదాని మీద రాయాలి. 16 టెరాబైట్ల డిస్కు మీద సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 22 గంటలు పడుతుంది. సర్వర్ తన మామూలు పని చేస్తూ ఇది కూడా చేయాలంటే రోజులే పట్టవచ్చు. ఆ సమయమంతా మిగిలిన పాత డిస్కులు మొదటి నుంచి చివరిదాకా చదవబడుతూనే ఉంటాయి. అవి కూడా ఒకే రోజు కొన్నవి, అంతే వయసువి. పైగా మామూలు రకం డిస్కులకు కోటి కోట్ల బిట్లు చదివితే ఒకటి చదవలేకపోవచ్చని కంపెనీలే హద్దు చెబుతాయి. అంటే 12.5 టెరాబైట్లకు ఒకసారి. చాలా డిస్కులు అంతకంటే బాగానే చదువుతాయి గానీ, 16 టెరాబైట్ల డిస్కులు నాలుగున్న చోట మిగిలిన మూడింటి నుంచి 48 టెరాబైట్లు చదవాలి. పెద్ద డిస్కులకు రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 వాడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఒకే వయసు డిస్కులు కలిసి పోతాయన్నది ఊహ మాత్రమే కాదు. 2019 నవంబర్లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తన కస్టమర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని మోడళ్ల ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, డిస్కూ దక్కదు, డేటా కూడా దక్కదని దాని సారాంశం. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. 16 బిట్ల లెక్కపెట్టెలో రుణ సంఖ్యలకూ చోటిస్తే పట్టే అతి పెద్ద సంఖ్య దానికి ఒకటి తక్కువ. కాబట్టి అనుమానం ఎటు పోవాలో అటే పోతుంది. అలాంటి ఎనిమిది డిస్కుల్ని ఒకే రోజు పెట్టినచోట ఎనిమిదీ దాదాపు ఒకే గంటలో పోతాయి. రెయిడ్ ఎన్ని రకాలున్నా దీనికి మందు లేదు. ముందుగా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం ఒక్కటే మందు.

డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే కొంత చెబుతాయి. స్మార్ట్ అనే పట్టికలో పాడై వేరేచోటికి మార్చిన సెక్టార్లెన్ని, చదవలేక పెండింగ్‌లో పెట్టినవెన్ని అన్న లెక్కలుంటాయి. ఈ రెండూ సున్నా దాటి కదలడం మొదలుపెడితే డిస్కు మార్చడమే మంచిది. గూగుల్ లక్షకు పైగా డిస్కుల మీద జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్కు, తప్పులేని డిస్కుతో పోలిస్తే రెండు నెలల్లోపు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ ఒక్కటీ చూపించకుండానే పోయాయి. స్మార్ట్ ‘బాగుంది’ అంటే జబ్బు కనబడలేదని అర్థం, జబ్బు లేదని కాదు.

రెయిడ్ కంట్రోలర్ కార్డు మీద ఉండే చిన్న బ్యాటరీ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ తలుచుకోరు. వచ్చిన డేటాను డిస్కు మీద రాయకముందే కంట్రోలర్ తన మెమరీలో ఉంచుకుని ‘రాసేశాను’ అని జవాబిస్తుంది. కరెంటు పోయినా ఆ డేటా పోకుండా బ్యాటరీ కాపాడుతుంది. మూడు నాలుగేళ్లకు బ్యాటరీ నీరసించిపోతుంది. అప్పుడు కంట్రోలర్ జాగ్రత్తపడి, ప్రతిదీ డిస్కు మీద నిజంగా రాశాకే జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ తెర మీదికి రాదు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక ఉదయం నుంచి నత్తనడక నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీని, నెట్‌వర్క్ వాళ్లని, చివరికి వైరస్‌ని కూడా తిట్టాక ఎవరో కంట్రోలర్ చిట్టా తెరుస్తారు.

చప్పుడుకు కూడా డిస్కులు బెదురుతాయంటే నమ్మబుద్ధి కాదు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరసకు దగ్గరగా మొహం పెట్టి గట్టిగా అరిచి, ఆ అరుపుకు డిస్కుల స్పందన సమయం గ్రాఫులో ఎలా ఎగిసిందో ఒక వీడియోలో చూపించాడు. 2016 సెప్టెంబర్లో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో అగ్నిమాపక కసరత్తు జరిగింది. గొట్టాల్లోంచి గ్యాసు వెలువడినప్పటి శబ్దానికే డజన్ల కొద్దీ డిస్కులు దెబ్బతిని బ్యాంకు సేవలు గంటల తరబడి నిలిచిపోయాయి.

ఇంత చేసినా రెయిడ్ అనేది బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే అన్ని డిస్కుల మీదా ఒకేసారి, ఎంతో నమ్మకంగా చెరిగిపోతుంది. బ్యాకప్ కూడా పవర్ సప్లై లాగే చెప్పకుండా చచ్చిపోగలదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజినీరు ఒకరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డేటా ఫోల్డర్ చెరిపే ఆదేశం ఇచ్చారు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలాయి. బ్యాకప్‌ల కోసం చూస్తే రోజువారీవి ఖాళీగా ఉన్నాయి. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షను డేటాబేస్ వెర్షనుతో సరిపడక రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే మెయిళ్లను మెయిల్ వ్యవస్థే తిరస్కరిస్తూ వచ్చింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిపెట్టిన కాపీ ఉండబట్టి సరిపోయింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా బయటపెట్టడం మెచ్చుకోదగ్గ విషయం. బ్యాకప్ పూర్తయిందన్న పచ్చటి టిక్కు మార్కును నమ్మడం వేరు, నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైలు వేరే యంత్రంలోకి తిరిగి తెచ్చి తెరిచి చూడడం వేరు.

డిస్కు నిండిపోవడం వీటన్నిటికంటే మొరటు సమస్య, వీటన్నిటికంటే తరచుగా వచ్చేది కూడా. సాధారణంగా దోషి డేటాబేస్ లాగ్ ఫైలో, ఎవరో తాత్కాలికంగా ఆన్ చేసి మరిచిపోయిన డీబగ్ లాగో అయి ఉంటుంది. పదిహేను శాతం ఖాళీ మిగిలినప్పుడే హెచ్చరిక వచ్చేలా పెట్టుకుంటే చాలు. నిండడం కాక, డిస్కులో చదవలేని తప్పులు వస్తున్నప్పుడు మాత్రం వెంటనే విండోస్ డిస్కు మరమ్మతు ప్రోగ్రాం చెక్‌డిస్క్ నడపడం పొరపాటు. చచ్చిపోతున్న డిస్కు మీద అది రాతపని పెంచుతుంది. ముందు డేటా వేరేచోటికి కాపీ చేసుకోవాలి, మరమ్మతు తర్వాత.

హార్డ్‌వేర్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీ పని చేసేది డ్రైవర్. నెట్‌వర్క్ కార్డు భాష విండోస్‌కు రాదు, విండోస్ భాష కార్డుకు రాదు. కార్డు తయారుచేసిన కంపెనీ డ్రైవర్ రాసి ఇస్తుంది. సరైన డ్రైవర్ దొరక్కపోతే విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌తో సర్దుకుంటుంది. తెర వస్తుంది, నెట్ వస్తుంది, పని మాత్రం సగం వేగంతో నడుస్తుంది. ఇది కూడా దాగిన జబ్బే. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనిపిస్తే పని కొంత సులువు. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది. కోడ్ 43 అంటే పరికరమే తనలో దోషం ఉందని చెప్పింది. త్రికోణం లేనప్పుడు విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ చూడాలి. డిస్కు అడిగినదానికి సమయానికి పలకలేదని 129 నంబరుతో, చదవడానికో రాయడానికో రెండోసారి ప్రయత్నించాల్సి వచ్చిందని 153 నంబరుతో అందులో నమోదవుతుంది. ఇవి వరసగా కనిపిస్తుంటే డ్రైవర్, కేబుల్, కంట్రోలర్ ఫర్మ్‌వేర్, డిస్కు ఈ నాలుగింట్లో ఒకటి తేడాగా ఉన్నట్టు. డ్రైవర్‌నూ ఫర్మ్‌వేర్‌నూ విడివిడిగా కాక, తయారీదారు కలిపి పరీక్షించి ఇచ్చిన జతగానే మార్చాలన్న నియమం ఇలాంటి తలనొప్పుల్లోంచే వచ్చింది.

సర్వర్‌లో అన్నిటికీ జంట ఉంటుందన్నాం గానీ డ్రైవర్‌కు లేదు. చాలా డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలో, కెర్నెల్‌లో నడుస్తాయి. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. కెర్నెల్‌లో తప్పు జరిగితే యంత్రం మొత్తం నీలి తెర చూపించి ఆగుతుంది. 2024 జులై 19న ప్రపంచమంతా ఇది కళ్లారా చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు పంపింది. అది డ్రైవర్ కూడా కాదు, డ్రైవర్ చదువుకునే సమాచారం. అందులో 21వ విలువ చూడమని ఉంది. ప్రోగ్రాం అందించేవి 20 మాత్రమే. లేనిదాని కోసం మెమరీలో చేయిపెట్టిన డ్రైవర్ యంత్రాన్ని కూల్చింది. 10:57కి ఫైలును వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన ఇండిగో బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఫోన్లన్నిటిలో తిరిగింది.

బాగుచేయడం అర్థం కానంత కష్టమేమీ కాదు. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు చెరిపి, మళ్లీ స్టార్ట్ చేస్తే సరి. కాకపోతే పడిపోయిన యంత్రానికి నెట్‌వర్క్ ద్వారా చెప్పడం కుదరదు గనక చాలాచోట్ల ఒక మనిషి ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లాల్సి వచ్చింది. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీలు భద్రపరిచిన సర్వర్ కూడా పడిపోయినచోట అవస్థ వర్ణించనక్కర్లేదు.

ఏ డ్రైవరైనా ముందు ఒక అప్రధానమైన సర్వర్ మీద వేసి, వారం చూసి, తర్వాతే మిగతావాటి మీద వేయాలి. పాత డ్రైవర్ ఇన్‌స్టాలర్‌ను దాచుకోవాలి. చెడితే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ మీట ఉంటుంది. నీలి తెర వచ్చినప్పుడల్లా విండోస్ ఒక డంప్ ఫైలు రాసి పెడుతుంది. విన్‌డీబగ్ అనే ఉచిత పరికరంతో తెరిస్తే, కూలిన క్షణంలో ఏ డ్రైవర్ నడుస్తోందో సాధారణంగా పేరుతో సహా తెలుస్తుంది. పేరు తెలిసింది కదా అని తీర్పు చెప్పకూడదు. చెడిపోయిన మెమరీ స్టిక్కు ఉన్న సర్వర్‌లో ప్రతి నీలి తెరకూ ఒక్కో డ్రైవర్ పేరు వస్తుంది. పేర్లు మారుతూ ఉన్నాయంటే చూపు డ్రైవర్ల మీదినుంచి మెమరీ వైపు తిప్పాలి.

అన్నిటికంటే పైన, మనిషికి దగ్గరగా ఉండేది యూజర్ ప్రొఫైల్. ఒకరి డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, మెయిల్ అమరికలు, ప్రింటర్లు, చివరికి తెర మీద పెట్టుకున్న పిల్లల ఫొటో వరకు ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. అమరికలన్నీ అందులోనే ఎన్‌టీయూజర్ అనే దాచిన ఫైల్లో ఉంటాయి. ఏ మనిషికి ఏ ఫోల్డరో చెప్పే జాబితా విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ‘ప్రొఫైల్‌లిస్ట్’ కింద ఉంటుంది. అక్కడ పేర్లుండవు. ప్రతి అకౌంట్‌కూ విండోస్ ఇచ్చిన ఎస్ఐడీ అనే పొడవాటి సంఖ్య ఉంటుంది. అకౌంట్ చెరిపేసి అదే పేరుతో మళ్లీ సృష్టించినా పాత ఫైళ్లు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. పేరు ఒకటే, సంఖ్య వేరు.

లాగిన్ సమయంలో ఎన్‌టీయూజర్ ఫైలు తెరుచుకోకపోతే, అంటే యాంటీవైరస్ పట్టుకుని ఉన్నా, డిస్కు నిండినా, ఫైలు చెడినా, విండోస్ లాగిన్‌ను ఆపేయదు. తాత్కాలిక ప్రొఫైల్ ఒకటి ఇచ్చి లోపలికి పంపుతుంది. ఇది కూడా స్టెప్నీయే. మూలన ఒక చిన్న నోటీసు కనిపించి పోతుంది, ఈవెంట్ వ్యూయర్‌లో 1511 నంబరుతో నమోదవుతుంది. మనిషికి మాత్రం ఖాళీ డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ‘నా ఫైళ్లన్నీ పోయాయండీ’ అని ఫోన్ వస్తుంది. చాలాసార్లు ఏవీ పోవు. అసలు ఫోల్డర్ తన చోట తాను భద్రంగానే ఉంటుంది.

నిజంగా పోయేవి వేరే ఉన్నాయి. ఆ ఖాళీ డెస్క్‌టాప్ చూసి సర్దుకుపోయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే ఫైళ్లు సేవ్ చేసుకున్న మనిషి లాగాఫ్ కొట్టగానే తాత్కాలిక ప్రొఫైల్‌తో పాటు ఆ రోజు పని మొత్తం చెరిగిపోతుంది. కాబట్టి ఫోన్లో చెప్పాల్సిన మొదటి మాట ‘ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి’ కాదు. ‘ఈరోజు ఏమైనా సేవ్ చేశారా? చేస్తే ముందు షేర్డ్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి, అప్పటిదాకా లాగాఫ్ అవ్వకండి’ అనాలి. ఆ తర్వాతే రీస్టార్ట్. ఫైలును ఎవరో పట్టుకుని ఉండడమే కారణమైతే దానితోనే సరిపోతుంది. సరిపోకపోతే ప్రొఫైల్‌లిస్ట్‌లో చూడాలి. ఒకే సంఖ్య రెండుసార్లు, ఒకదాని చివర ‘.బ్యాక్’ తోకతో కనిపిస్తుంది. తోక ఉన్నదే అసలుది. ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి కాపీ దాచుకుని, తోకలేని దాని పేరు మార్చి, ఉన్నదాని తోక తీసేస్తే పాత డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది.

ఎన్‌టీయూజర్ ఫైలే చెడి ఉంటే కొత్త ప్రొఫైల్ తప్పదు. పాతదాన్నుంచి డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్లు మాత్రం తెచ్చుకోవాలి. అంతా కలిపి కాపీ కొడితే జబ్బు కూడా వెంట వస్తుంది. పాత ప్రొఫైల్‌ను తీసేయాల్సి వస్తే ఫోల్డర్ మీద డిలీట్ నొక్కకుండా సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని యూజర్ ప్రొఫైల్స్ జాబితా నుంచి తీసేయాలి. ఫోల్డర్ ఒక్కటే పోయి రిజిస్ట్రీలో సంఖ్య మిగిలిపోతే, మర్నాడు ఆ మనిషి లాగిన్ కాగానే విండోస్ లేని ఫోల్డర్ కోసం వెతికి మళ్లీ తాత్కాలిక ప్రొఫైలే ఇస్తుంది.